బర్బన్ బ్యారెల్‌లో ఉంచిన డార్క్ లాగర్‌లో విస్కీ ఘాటు, వగరు తప్ప ఏమీ తెలియడం లేదు. బీరు పాడైందా, రుచి చూసే పద్ధతి తప్పా?

మీరు చెప్పినదాన్ని బట్టి సంగతి ఇదీ: 9.5 శాతం ఆల్కహాల్ ఉన్న డోపెల్‌బాక్ (మాల్ట్ రుచి ఎక్కువగా ఉండే బలమైన జర్మన్ లాగర్ బీరు), బర్బన్ అనే అమెరికన్ విస్కీ ఖాళీ చేసిన చెక్క పీపాలో, అంటే బర్బన్ బ్యారెల్‌లో కొన్ని నెలలు ఉంచినది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెద్ద మగ్గు నిండా పోశారు. విస్కీ ఘాటు, నోరంతా వగరు తప్ప ఇంకేమీ అందలేదు. ఇందులో బీరు పాడైందనడానికి ఒక్క గుర్తు కూడా లేదు. మరీ చల్లగా ఉంది, గ్లాసు సరైంది కాదు, పోసింది ఎక్కువ. ముందు ఈ మూడూ సరిచేసుకోండి, లోపాల సంగతి తర్వాత చూద్దాం.

4 డిగ్రీల సెల్సియస్ దగ్గర వాసననిచ్చే పదార్థాలు బీరులోంచి సరిగా పైకి లేవవు, నాలుకకు తీపి మందగిస్తుంది. వగరు మాత్రం చల్లదనంలో ఇంకా పైకి తేలుతుంది. డోపెల్‌బాక్‌లో చెక్క వగరును మోసేది మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపే. ఆ తీపి అణిగిపోతే మిగిలేది ఓక్ (పీపా చెక్క), స్పిరిట్ (విస్కీ ఘాటు). కాబట్టి 330 మి.లీ. సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి అరగంటపాటు బల్ల మీద నిలబెట్టండి. గది వేడిని బట్టి ఈ సమయం మారుతుంది, వంటింటి థర్మామీటర్ ఉంటే దాన్నే నమ్మండి. 8 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, 12–13 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు గడపండి. 16 దాటాక ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది. అక్కడ కూడా ఒక గుక్క తాగి చూడాలి, ఎందుకంటే బ్యారెల్ పాళ్లు మించిందో లేదో బయటపడేది అక్కడే.

గ్లాసు అడుగున వెడల్పుగా, పైన కాస్త మూసుకున్నట్టు ఉండాలి. ట్యులిప్ గానీ స్నిఫ్టర్ గానీ, ఏదీ లేకపోతే వైన్ గ్లాసు చాలు. ఒకసారికి 100–120 మి.లీ. మించి పోయొద్దు. గ్లాసు శుభ్రంగా ఉందో లేదో తెలుసుకోవాలంటే లోపల తడిపి బోర్లించండి. నీళ్లు పలచటి పొరగా జారితే బాగున్నట్టు, చుక్కలు చుక్కలుగా అంటుకుంటే జిడ్డో సబ్బు పొరో ఉన్నట్టు. ఆ జిడ్డే నురుగును చంపుతుంది. అయితే ఇంత ఆల్కహాల్ ఉన్న బీరులో నురుగు తనంతట తానే త్వరగా కూలుతుంది. పైగా చెక్క పీపా ఒత్తిడిని ఆపలేదు గనక, బీరు అందులో ఉన్నన్నాళ్లూ గ్యాస్ కోల్పోతుంది, బయటికి తీశాక మళ్లీ ఎక్కించాలి. చాలామంది కావాలనే మామూలు లాగర్ కంటే తక్కువ ఎక్కిస్తారు. అందుకే నురుగు పలచన అన్నది లోపం కాదు.

గ్లాసును 45 డిగ్రీలు వంచి పోయడం మొదలుపెట్టి, సగంలో నిలబెట్టి, వేలెడు నురుగు వచ్చేలా ముగించండి. సీసాలో అడుగున మడ్డి ఉంటే చివరి 10–15 మి.లీ. వదిలేయండి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే నల్లగా కాక దానిమ్మ ఎరుపు కలిసిన గోధుమ రంగులో, తేటగా కనిపించాలి. బాల్టిక్ పోర్టర్ అనే మరో బలమైన ముదురు బీరు అయితే ఇంకా చిక్కటి రంగు మామూలే. అడుగున ఒకటి రెండు నల్లటి రేణువులు కనిపిస్తే కంగారు పడకండి, కాల్చిన బ్యారెల్ లోపలి బొగ్గు వడపోత దాటి వచ్చిందన్నమాట.

వాసన చూడడంలో చాలామంది చేసే పొరపాటు, పోయగానే గ్లాసు తిప్పడం. తిప్పితే ముందు లేచేది స్పిరిట్. అది ముక్కును మొద్దుబారుస్తుంది, దాని కింద ఉన్నది తర్వాత దొరకదు. కాబట్టి మొదట తిప్పకుండా, గ్లాసును ముక్కుకు జానెడు దూరంలో పట్టి, నోరు కొద్దిగా తెరిచి, చిన్న చిన్న పీల్పులు రెండు మూడు. తర్వాత దగ్గరికి తెండి. ఇక్కడ నేను గట్టిగా చెప్పేదొకటుంది: ముందు మాల్ట్‌ను వెతకండి. బ్యారెల్ ఎలాగూ వెతక్కుండానే దొరుకుతుంది. కాల్చిన రొట్టె పైపొర, టోస్ట్, కారమెల్, ఎండుద్రాక్ష, నల్ల ప్లమ్ – ఇవి మ్యూనిక్ మాల్ట్ నుంచి, దాన్ని వేడిచేసినప్పుడు పుట్టే మెలనాయిడిన్ల (గోధుమ రంగు పదార్థాలు) నుంచి వచ్చేవి. వెనిలా (వెనిలిన్), కొబ్బరి (ఓక్ లాక్టోన్), లవంగం (యూజినాల్), పొగ (గ్వయకాల్) చెక్కవి. బర్బన్‌కు చట్టప్రకారం లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలి, సాధారణంగా అవి అమెరికన్ ఓక్‌వి. అందులో లాక్టోన్ ఎక్కువ, అందుకే కొబ్బరి అంత స్పష్టంగా తెలుస్తుంది. మధ్యలో ముక్కు అలసిపోతే మీ చొక్కా మోచేతి దగ్గర ఒకసారి వాసన చూసి మళ్లీ రండి. కాఫీ గింజల కంటే ఇదే నయం, కొత్త వాసన జత చేయదు.

మొదటి గుక్కతో తీర్పు చెప్పొద్దు. ఆల్కహాల్‌కు నోరు అలవాటు పడడానికే అది. రెండోది టీస్పూన్‌కు కాస్త ఎక్కువ తీసుకుని, నాలుక మీద, దవడల లోపల తిప్పి, మూడు నాలుగు సెకన్లు ఉంచి మింగండి. మింగాక నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలండి. సగం సమాచారం ఆ ఊపిరిలోనే ఉంటుంది. ఉమ్మేస్తే అది చాలావరకు పోతుంది కాబట్టి, ఎక్కువ రకాలు చూడాల్సినప్పుడు గుక్క చిన్నది చేసుకోండి గానీ మింగడం మానకండి. గుక్కకీ గుక్కకీ మధ్య గది వేడిలో ఉన్న నీళ్లు, ఉప్పులేని రొట్టె ముక్క చాలు. ఒకే పూట వేరే బీర్లు కూడా ఉంటే ఇది చివర్లో రావాలి.

మీరు వగరు అన్నది నిజంగా వగరేనా అన్నది తేల్చుకోవాలి. చేదు, పులుపు, వగరు, ఆల్కహాల్ మంట నాలుగూ కలిసి వచ్చినప్పుడు జనం అన్నిటినీ ఒకే మాటతో చెప్పేస్తారు. వగరు అసలు రుచి కాదు, స్పర్శ. చిగుళ్లు, దవడల లోపలి చర్మం ఎండిపోయి గరుకుగా మారతాయి, గుక్క గుక్కకూ పేరుకుంటూ పోతుంది. ఇది టానిన్ అనే వగరు పదార్థం పని. చేదు నాలుక మీద రుచిగా నిలుస్తుంది, నోరు మాత్రం తడిగానే ఉంటుంది. పులుపుకు లాలాజలం ఊరుతుంది. ఆల్కహాల్ మంట గొంతు వెనక వెచ్చగా మొదలై కొద్ది సెకన్లలో తగ్గుతుంది. తేడా పట్టుబడకపోతే మూడు కప్పులు పెట్టుకోండి: 10 నిమిషాలు నానబెట్టిన ఒట్టి బ్లాక్ టీ వగరుకు, టానిక్ వాటర్ చేదుకు, నీళ్లలో నిమ్మరసం చుక్కలు పులుపుకు. ఒక్కో గుక్క తీసుకుని, నోరు కడుక్కుని, బీరు దగ్గరికి రండి. మీ నోట్లో ఉన్నది ఏదో తేలిపోతుంది.

12 డిగ్రీల దగ్గర కూడా వగరే పైచేయిగా ఉంటే బీరును మోతాదు మించి బ్యారెల్‌లో ఉంచారని అర్థం. పీపా పరిమాణం ఇక్కడ కీలకం. మామూలు బర్బన్ బ్యారెల్ సుమారు 200 లీటర్లు పడుతుంది. అదే ఆకారంలో 20 లీటర్ల చిన్న పీపా తీసుకుంటే, లీటరు బీరుకు తగిలే చెక్క ఉపరితలం రెండింతలకు పైగా ఉంటుంది. పెద్దదానిలో నెలలు పట్టేది చిన్నదానిలో వారాల్లోనే దాటిపోతుంది. ఫ్రెంచ్ ఓక్ అయితే కొబ్బరి తగ్గి మసాలా, టానిన్ పెరుగుతాయి. బర్బన్ పీల్చుకున్న చెక్క ఆల్కహాల్ శాతాన్ని కూడా కాస్త పెంచగలదు.

స్టౌట్ అనే నల్లటి బీరులో కనపడని లోపం లాగర్‌లో ఎందుకు బయటపడుతుందని మీకు అనిపించొచ్చు. ఇంపీరియల్ స్టౌట్‌లో (బలమైన రకం స్టౌట్) మాడిన గింజల చేదు, వెచ్చగా పులియబెట్టే ఏల్ ఈస్ట్ ఇచ్చే పండ్ల వాసనలు చాలావాటిని కప్పేస్తాయి. లాగర్ ఈస్ట్ 8–13 డిగ్రీల చల్లదనంలో పులియబెట్టి, తర్వాత దాదాపు సున్నా దగ్గర వారాలో నెలలో నిలవ ఉంచడంతో అలాంటి వాసనలు తక్కువ. నా ఉద్దేశంలో 5 శాతం ఆల్కహాల్ ఉన్న డంకెల్‌నో ష్వార్జ్‌బియర్‌నో (తేలికపాటి ముదురు రంగు జర్మన్ లాగర్లు) తాజా బర్బన్ పీపాలో పెట్టడం బీరును వృథా చేయడమే, అంత పలచటి ఒంటికి అంత చెక్క ఆగదు. డోపెల్‌బాక్, ఐస్‌బాక్, బాల్టిక్ పోర్టర్ లాంటి బలమైనవి తట్టుకుంటాయి. పాతకాలంలో లాగర్‌ను చెక్క పీపాల్లోనే నిలవ ఉంచేవారన్న వాదన వినిపిస్తుంది గానీ, అది దీనికి సాక్ష్యం కాదు. చెక్ నగరం ప్ల్జెన్‌లో పీపాల లోపల కీలు (తారు లాంటి జిగురు) పూసేవారు, చెక్క బీరుకు తగలకుండా ఉండడానికే.

ఇక నిజంగా పాడైతే ఎలా తెలుస్తుంది? మూత తీయగానే నురుగు ఆగకుండా పొంగితే సూక్ష్మజీవులు చేరాయని మొదటి అనుమానం. వెనిగర్ పులుపు ఎసిటిక్ ఆమ్లానిది: పీపాలోకి గాలి చేరితే దాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరుగుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన ఇథైల్ ఎసిటేట్‌ది, ఇది తరచూ వెనిగర్‌తో జంటగా వస్తుంది. విస్కీ ఘాటు అనుకుని చాలామంది దీన్ని వదిలేస్తారు. తేడా ఏమిటంటే, స్పిరిట్ వాసన వెంట వెనిలానో తీపో ఉంటుంది, రిమూవర్ వాసన ఒంటరిగా, పల్చగా, పైపైన గుచ్చుతుంది. గుర్రపుశాల, బ్యాండేజ్ లాంటి వాసన బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్‌ది. వైన్ పీపాల్లో దీని బెడద ఎక్కువ, ఎందుకంటే వాటి చెక్కలో మిగిలిన ఆల్కహాల్ బర్బన్ పీపాలో ఉన్నంత ఘాటుగా ఉండదు. బర్బన్ పీపా కూడా ఖాళీ చేసి ఎండబెట్టేస్తే ఆ రక్షణ కోల్పోతుంది, పైగా కారుతుంది.

ఎక్కువగా తికమక పెట్టేది వెన్న వాసన. ఓక్ వెనిలా, కారమెల్ కలిస్తే బటర్‌స్కాచ్‌లా అనిపించొచ్చు. పులిసేటప్పుడు పుట్టే డయాసిటైల్ అనే పదార్థం కూడా అలాగే ఉంటుంది. నాలుక మీద చూడండి: డయాసిటైల్ ఉంటే జారుడుగా, నూనె పూసినట్టు ఉంటుంది, ఓక్ అయితే చివర ఎండుతుంది. లాగర్‌లో డయాసిటైల్ మిగలకుండా పులియడం చివర్లో 15–18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు ఉంచుతారు, అది సరిగా జరగకపోయినా, పీపాలో పెడియోకాకస్ అనే బ్యాక్టీరియా చేరినా ఈ వాసన వస్తుంది. సోయా సాస్ లాంటి వాసన చచ్చిన ఈస్ట్ కణాలు విచ్ఛిన్నమైనందువల్ల. తడి అట్ట వాసన ఆక్సీకరణది. కాస్త షెర్రీ (ఒక రకం వైన్), బాదం వాసన మాత్రం వేరే సంగతి: చెక్క గుండా నెమ్మదిగా చేరే ఆక్సిజన్ ఇచ్చేది, ముదురు మాల్ట్‌కు బాగా నప్పుతుంది. నాకైతే అది లేని బ్యారెల్ డోపెల్‌బాక్ అసంపూర్ణంగా అనిపిస్తుంది.

దీన్ని నేర్చుకోవడానికి అన్నిటికంటే పనికొచ్చేది పక్కపక్కన పెట్టి చూడడం. అదే బీరు బ్యారెల్‌కు వెళ్లనిది దొరికితే సరే, లేకపోతే దాదాపు అంతే ఆల్కహాల్ ఉన్న మరో డోపెల్‌బాక్. రెండూ ఒకే వేడిలో ఉండాలి. ముందు బ్యారెల్ చూడనిదాన్ని రుచి చూసి, అందులో దొరికిన మూడు వాసనలు కాగితం మీద రాయండి. తర్వాత బ్యారెల్‌దానిలో ఆ మూడింటి కోసం వెతకండి, మిగిలినదంతా పీపా ఇచ్చింది. ఆపైన రెండూ కలపండి: 30 మి.లీ. బ్యారెల్‌ది, 10 మి.లీ. మామూలుది ఒక గ్లాసులో, చెరి 20 ఇంకోదానిలో. బీరు తయారుచేసేవాళ్లు కూడా పీపా నుంచి వచ్చినదాన్ని ఇలాగే తాజా బీరుతో సర్దుతారు. మీ వగరు 30:10 దగ్గరే తగ్గి మాల్ట్ పైకి వస్తే బీరులో లోపం లేదు, ఓక్ మోతాదు ఎక్కువైందంతే. చెరి సగం కలిపినా వెనిగరో రిమూవరో తెలుస్తూనే ఉంటే ఆ సీసా పాడైనట్టే, కొన్నచోట తిరిగిచ్చేయండి.

ఇంకో సీసా ఉంటే వెలుతురు తగలని చోట 10–13 డిగ్రీల దగ్గర నిలబెట్టి ఉంచండి. ఎక్కువ ఆల్కహాల్ ఉందని ఏళ్ల తరబడి దాచాలనేం లేదు. కాలం గడిచేకొద్దీ స్పిరిట్ మెత్తబడుతుంది గానీ టానిన్ అంత తేలిగ్గా పోదు, ఆక్సీకరణ పెరుగుతుంది. సీసాల్లోకి నింపిన ఏడాదిలోపు తాగడమే మంచిది. తెరిచినదాన్ని మాత్రం ఆ పూటే పూర్తిచేయండి, ఒక్కరే అయితే ఇంకొకర్ని పిలుచుకోండి.