పెన్‌డ్రైవ్ ఉబుంటులో రీడ్ ఓన్లీ అంటోంది, ఫార్మాట్ చేసేయాలా?

ఇంకా ఫార్మాట్ కొట్టలేదు కదండీ? అయితే ఆగండి. ఫొటోలు కాపీ చేస్తుంటే మధ్యలో రీడ్ ఓన్లీ అని ఆగిపోయిందన్నారు. అంటే చదవనిస్తుంది కానీ కొత్తగా రాయనివ్వదు. ఆ ఒక్క మాట రెండు వేరు వేరు జబ్బులకు వస్తుంది, మందులూ వేరు.

టెర్మినల్‌లో సుడో డీమెసెజ్ (డీ ఎం ఈ ఎస్ జీ) హైఫన్ డబ్ల్యూ కొట్టి, పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టండి. వరసగా వచ్చే లైన్లలో ‘రైట్ ప్రొటెక్ట్ ఈజ్’ అన్నది పట్టుకోండి.

‘ఆఫ్’ అని ఉండి, కాసేపటికి ఫ్యాట్ (పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్) ఎర్రర్ కనిపిస్తే పాడైంది ఫైల్ సిస్టమే, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పద్దు. ఇంకా చెడకుండా ఉబుంటు గుండెకాయ లాంటి కెర్నలే రాతలు ఆపేసింది. నాకిది 2019లో బెంగళూరు మారతహళ్ళి పీజీలో ఉన్నప్పుడు జరిగింది. చెల్లి పెళ్ళి ఫొటోలు ఎక్కించాను, కాపీ బార్ నిండింది, నెల్లూరు బస్సుకి టైమ్ అయిందని పీకేశాను. డ్రైవ్ లైటు అప్పటికి ఇంకా మిణుకుతూనే ఉంది. ఇంటికెళ్ళి తెరిస్తే తలంబ్రాల ఫొటోలో పై సగం ఉంది, కింది సగం బూడిద రంగు. ఉబుంటు లాంటి లైనక్స్ ముందు ర్యామ్‌లోకి తీసుకుంటుంది, పెన్‌డ్రైవ్‌కి తర్వాత నెమ్మదిగా రాస్తుంది. బార్ నిండినా రాత పూర్తి కానట్టే. ఎజెక్ట్ నొక్కి, తీయొచ్చని చెప్పేదాకా ఆగాలి. టెర్మినల్‌లో అయితే సింక్ కొట్టి, ప్రాంప్ట్ తిరిగొచ్చాక అన్‌మౌంట్ చేసి తీయాలి.

‘ఆన్’ అని ఉంటే ముందు పక్కన లాక్ స్విచ్ ఉందేమో చూడండి. చాలావాటికి ఉండదు. లేకపోతే చిప్ అరిగిపోయిందనే అనుమానించాలి. పెన్‌డ్రైవ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీలో రాయడం చిన్న పేజీల్లో, చెరపడం మాత్రం పెద్ద బ్లాకుల్లో. చెరిపిన ప్రతిసారీ ఆ సెల్స్ కొంచెం అరుగుతాయి. చెడిన బ్లాకుల బదులు వాడడానికి డ్రైవ్‌ని నడిపే చిప్ అయిన కంట్రోలర్ కొన్ని అట్టే పెట్టుకుంటుంది. అవీ అయిపోతే చాలా కంట్రోలర్లు రాతకి తాళం వేస్తాయి, చదవనిస్తాయి. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో కొన్న 16 జీబీది నాకు ఇలాగే పోయింది. ఫార్మాట్ ఎన్నిసార్లు కొట్టినా కాలేదు, ఫైళ్ళు మాత్రం అన్నీ బయటికొచ్చాయి. అందుకే చదవనిస్తున్నప్పుడే మొత్తం తీసేసుకోండి.

రెండిట్లో ఏదైనా మొదట డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్‌తో డ్రైవ్ మొత్తాన్నీ ఒక ఇమేజ్‌గా హార్డ్ డిస్క్‌లోకి దించండి. ఫైల్ సిస్టమ్ జబ్బే అయితే, అన్‌మౌంట్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళున్న ఆ పార్టిషన్ మీద ఫ్యాట్‌ని బాగుచేసే ఎఫ్‌ఎస్‌సీకే డాట్ వీఫ్యాట్‌ని హైఫన్ ఏ పెట్టి నడపండి. పేరు పోయిన ముక్కల్ని అది ‘ఎఫ్‌ఎస్‌సీకే0000 డాట్ ఆర్ఈసీ’ లాంటి పేర్లతో దాస్తుంది. వాటి చివర జేపీజీ అని మార్చి తెరిచి చూడండి. మా అమ్మ అక్షింతలు వేస్తున్న ఫొటో నాకు అలాగే దొరికింది.