కార్తీక సోమవారం ఉపవాసం ఎలా ఉండాలి? రోజంతా ఉండలేనివారు ఏం చేయాలి?

దీపావళి అమావాస్య మరునాడు మొదలయ్యే కార్తీక మాసంలో వచ్చే సోమవారాలన్నీ శివుడికి ప్రీతికరమైనవే కనుక, వీలైనన్ని వారాలు ఉండవచ్చు. తెల్లవారుజామునే తలస్నానం చేసి, తులసికోట దగ్గర గానీ శివాలయంలో గానీ ఆవునేతితో లేదా నువ్వులనూనెతో దీపం వెలిగించి, బిల్వదళాలతో శివుణ్ణి అర్చించి, పగలంతా ఏమీ తినకుండా ఉండాలి. సాయంత్రం మళ్లీ దీపం పెట్టి, ఆకాశంలో చుక్క కనిపించాక నైవేద్యం పెట్టి భోజనం చేస్తారు. దీన్నే నక్తం అంటారు. మన ఇళ్లలో ఎక్కువగా పాటించేది ఇదే. మబ్బు పట్టి చుక్క కనబడకపోతే బాగా చీకటి పడ్డాక తినవచ్చు. వంటలో ఉల్లి, వెల్లుల్లి వేయరు; వేడి అన్నం, పెసరపప్పు, కొబ్బరి పచ్చడి చాలు.

అంతసేపు ఉండలేనివారికి కార్తీక పురాణమే దారులు చూపింది: ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, అయాచితం, స్నానం, తిలదానం అనే ఆరు విధాల్లో శక్తికి తగినది ఎంచుకోవచ్చు. పగటిపూట ఒక్కసారి మాత్రమే తినడం ఏకభుక్తం. తాను అడగకుండా ఎవరైనా పిలిచి పెడితేనే తినడం అయాచితం. ఏ ఆహార నియమమూ పాటించలేనివారికి స్నానమూ జపమూ చాలునన్న వెసులుబాటు నాకు ఎంతో దయగా తోస్తుంది. మధుమేహానికి మందులు వాడేవారు, గర్భిణులు, బాలింతలు, వృద్ధులు పట్టుదలకు పోకుండా పాలూ పండ్లూ తీసుకోవాలి. వైద్యుణ్ణి అడగకుండా మందులు మానడం ఎంతమాత్రం తగదు.