థాయ్ మసాజ్ చేసేటప్పుడు సరైన వేగం, లయ ఎలా కుదురుతాయి?

స్టెప్పులన్నీ వచ్చినా చేస్తుంటే ఒకచోట హడావుడిగా, ఇంకోచోట మరీ సాగదీసినట్టు అవుతోందని, ఒక్కోచోట ఎన్ని సెకన్లు నొక్కి ఉంచాలని అడిగారు. చాలాకాలంగా థాయ్ మసాజ్ చేస్తున్న అనుభవంతో చెప్తున్నాను, సెకన్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరు చెయ్యి ఎలా వెనక్కి తీస్తున్నారో గమనించండి. అందరి ధ్యాసా నొక్కడం మీదే ఉంటుంది. కానీ పడుకున్న మనిషికి హడావుడి తెలిసేది చెయ్యి తీసేటప్పుడే. లోపలికి ఎంత నెమ్మదిగా వెళ్లారో బయటికీ అంతే నెమ్మదిగా రావాలి. చటుక్కున తీసేస్తే అప్పటిదాకా వదులైన కండ మళ్లీ బిగుసుకుంటుంది, తర్వాత ఎంత మెత్తగా నొక్కినా లోపలికి దిగనివ్వదు.

రెండోది, చేతి బలంతో నొక్కకండి. మోకాళ్లు కాస్త ఎడంగా పెట్టి కూర్చుని, మోచేతులు వంచకుండా, భుజాలు సరిగ్గా మణికట్టు పైకి వచ్చేలా నడుము దగ్గర్నుంచి ముందుకు వాలండి, మీ ఒంటి బరువే అరచేతుల్లోంచి దిగుతుంది. ఇలా వాలడం, వెనక్కి రావడం ఊయల ఊగినట్టు దానంతటదే ఒక లయలో పడుతుంది. చేతులతో తోసేవాళ్లు కాసేపటికే అలిసిపోతారు. అలిసిపోయాక ఎంత వద్దనుకున్నా వేగం పెరుగుతుంది. మీరు హడావుడి అంటున్నదానికి సగం కారణం ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

ఇక సెకన్లు. అవతలి మనిషి ఊపిరి వదులుతున్నప్పుడు వాలండి, పీల్చుకుంటున్నప్పుడు వెనక్కి రండి. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు, అంటే వాలి వెనక్కి రావడానికి మొత్తం 3 నుంచి 5 సెకన్లు. లోతుగా సాగదీసేటప్పుడు రెండు మూడు ఊపిర్లు అలాగే ఆగవచ్చు. కానీ ఎవరైనా టెన్షన్‌తో వచ్చి గబగబా ఊపిరి తీస్తుంటే ఆ వేగాన్ని పట్టుకుని వెళ్లొద్దు. మీ ఊపిరిని మీరు నిదానంగా ఉంచుకుని మసాజ్ మొదలుపెట్టే పాదాల దగ్గరే ఇంకాసేపు ఉండండి. నేను చూసినంతవరకు చాలామంది అక్కడే నెమ్మదిస్తారు.

అంతా ఒకే వేగంలో ఉండాలనేం లేదు. అరచేతులతో కాలి మీద ఎడమ కుడి మార్చుకుంటూ వెళ్లేటప్పుడు కాస్త చురుగ్గా సాగుతుంది, బొటనవేళ్లతో సెన్ రేఖల (ఒంట్లో శక్తి ప్రవహిస్తుందని థాయ్ సంప్రదాయం నమ్మే దారులు) వెంట వెళ్లేటప్పుడు బాగా తగ్గాలి, ఎందుకంటే చిన్న చోట ఎక్కువ బరువు పడుతుంది. మోకాలి చిప్ప మీద అసలు నొక్కొద్దు. కాలు పట్టుకుని ఊపేటప్పుడు వేగం మీరు నిర్ణయించకండి, ఒకసారి ఊపి వదిలితే కాలు తనంతట తాను ఎంత వేగంతో వెనక్కి వస్తుందో చూసి దాన్నే అందుకోండి. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తున్నారని కూడా రాశారు కదా, బ్యాంకాక్‌లోని వాట్ ఫో అనే గుడి పద్ధతిలో బొటనవేలి ఒత్తిడి ఎక్కువ, చియాంగ్ మై వైపు ఉత్తరాది పద్ధతిలో సాగదీయడం ఎక్కువ, కాబట్టి నడక వేరుగా కనిపించడం సహజమే. ఒకటి పట్టుకుని అది ఒంటికి పట్టేదాకా చేయండి.

లయ ఎక్కువగా తెగేది ఒక భంగిమ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు. ముందు మీ మోకాళ్లు జరపండి, ఆ తర్వాతే చెయ్యి మార్చండి, ఒక చెయ్యి మాత్రం ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి. దిండు, తువ్వాలు చేతికి అందేంత దూరంలో ముందే పెట్టుకోండి. గంటే టైముంటే రెండు గంటల వరుసను అందులో కుక్కే ప్రయత్నం చేయొద్దు. కొన్ని భంగిమలు వదిలేసి కాళ్లు, వీపు నిదానంగా చేస్తే చాలు, వదిలేసినవి ఎవరూ అడగరు. దరువు ఉన్న పాటలు మాత్రం ఆపేయండి, తెలియకుండానే చేతులు దాని వెంట పోతాయి.

ఒక జాగ్రత్త. నెమ్మదిగా చేస్తున్నాం కదా అని ఏదైనా చేయొచ్చనుకోకండి. గజ్జల్లో రక్తనాళాన్ని నొక్కి పట్టి వదిలే పద్ధతి ఒకటుంది, నేనైతే ఎవరికీ చేయను. గర్భిణులు, గుండె జబ్బు, హై బీపీ, కాళ్లలో ఉబ్బిన సిరలు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లయితే డాక్టర్ సరేననకుండా మొదలుపెట్టొద్దు.

ప్రాక్టీసుకి మొత్తం ఒళ్లంతా వద్దు, ఒక్క కాలే తీసుకోండి, పాదం నుంచి తొడ దాకా వెళ్లి మళ్లీ పాదానికి రండి. తొందర అనిపించిన ప్రతిసారీ మాటతో కాకుండా వేలెత్తి చూపమని పడుకున్నవాళ్లకి చెప్పండి. వేలు లేచేది ఎక్కువగా చెయ్యి తీసేటప్పుడా, మారేటప్పుడా అన్నది మీకే తెలిసిపోతుంది, ఆ చోటు మీదే పనిచేయండి.