భయపడే బుల్లి రోబోని ఇష్టపడే పిల్లాడు పిరికివాడవుతాడా?

ప్రశ్న: "మా ఏడేళ్ళ బాబు రోబో కార్టూన్లు బాగా చూస్తాడు. హీరోని వదిలేసి, ఎప్పుడూ వణికిపోతూ, ఏదో ఒక పరికరం కెలుక్కుంటూ ఉండే చిన్న రోబో అంటేనే పడిచస్తాడు. వీడికీ పిరికితనం అంటుకుంటుందేమోనని బెంగగా ఉంది. మాన్పించాలా?"

మాన్పించకండి. నన్నడిగితే పక్కన కూర్చుని మీరు కూడా చూడండి.

మా ఇంట్లో సరిగ్గా అలాంటి రోబోనే ఒకటుంది. పేరు స్కూటర్. అరచేతిలో దాగిపోయేంత ఉంటుంది. మడిస్తే స్కూటర్, విప్పితే మనిషి. మేముండేది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరానికి పడమటి వైపు. మూడేళ్ళ కిందట మా వీధి చివర ఒకాయన గరాజ్ సేల్ పెట్టాడు. యాభై దాటిన మనిషి. వాళ్ళమ్మగారు పోయాక అటక మీద సామానంతా కిందికి దించి బల్లల మీద పరిచాడు. ఒక బూట్ల డబ్బాలో పాత బొమ్మలున్నాయి. మావాడికి అప్పుడు ఆరేళ్ళు. విమానాలూ, కార్లూ, హెలికాప్టరూ అన్నీ పక్కకి నెట్టి, అడుగునున్న ఈ స్కూటర్‌ని బయటికి తీశాడు. రంగు సగం ఊడిపోయింది, ఒక చెయ్యి వదులై వేలాడుతోంది. "అది తీసుకుంటున్నావా?" అని ఆయన వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన చిన్నప్పుడు తమ్ముడికీ తనకీ దీని కోసమే గొడవలయ్యేవట. డబ్బులు వద్దన్నాడు. నేను బలవంతంగా రెండు డాలర్లు బల్ల మీద పెట్టి వచ్చాను.

ఇది గోబాట్స్ బొమ్మ, బళ్ళూ విమానాలూ విప్పితే రోబోలయ్యే రకం. ట్రాన్స్‌ఫార్మర్స్ కూడా అలాంటివే, వీటికన్నా బాగా పేరున్నవి. ఈ పేరు చెప్పగానే "ఓ, ట్రాన్స్‌ఫార్మర్స్‌కి కాపీ కదా" అనేవాళ్ళు నాకు కనీసం పదిమంది తగిలారు. విన్నప్పుడల్లా నాకు మండుతుంది. జపాన్‌లో బందాయ్ వాళ్ళ పాపీ కంపెనీ మెషిన్ రోబో పేరుతో ఈ బొమ్మల్ని 1982లోనే తెచ్చింది. చిన్న సైజువి ఒక్కోటి 600 యెన్‌లు, అందుకే వాటికి 600 సిరీస్ అని పేరు. ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరే అప్పటికి లేదు. అవే బొమ్మల్ని అమెరికాలో గోబాట్స్‌గా అమ్మింది టోంకా. ఆ టోంకా మా ఊరి పక్కదే! మిన్నెటోంకా సరస్సు ఒడ్డున మౌండ్ అనే చిన్న ఊళ్ళో 1946లో తోటపని సామాన్లు చేసుకోవడానికి మొదలుపెట్టిన కంపెనీ అది. తర్వాత ఇనప రేకు లారీ బొమ్మలతో దేశమంతా పేరు తెచ్చుకుంది. 1991లో ట్రాన్స్‌ఫార్మర్స్ అమ్మే హాస్‌బ్రోయే టోంకాని కొనేసింది. గెలిచినవాడిదే చరిత్ర అన్నట్టు, పోటీలో ఓడిపోయినంత మాత్రాన దీన్ని కాపీ అనేస్తే ఎలా?

సరే, స్కూటర్ సంగతికొస్తాను. హన్నా-బార్బెరా అనే కార్టూన్ల కంపెనీ వాళ్ళు 1984లో ఛాలెంజ్ ఆఫ్ ది గోబాట్స్ అని కార్టూన్ తీశారు, మొత్తం 65 భాగాలు. మంచివాళ్ళ నాయకుడు లీడర్-వన్, యుద్ధ విమానం. అతని పక్కన టర్బో, రేసు కారు. వీళ్ళిద్దరి వెనకాల బెరుగ్గా మన స్కూటర్. అటు విలన్ సై-కిల్ పెద్ద మోటార్‌సైకిల్. రెండూ రెండు చక్రాల బళ్ళే, ఒకటి లోకాన్ని ఏలాలనుకుంటుంది, ఇంకొకటి ఇంటికెళ్ళిపోదామంటుంది. ఏ ప్రమాదం వచ్చినా ముందు వణికేది స్కూటరే. కానీ ఏదైనా బిగించాలన్నా, విప్పాలన్నా, కొత్తగా ఏదో అమర్చాలన్నా చెయ్యి పెట్టేదీ వాడే. వాడి దగ్గర పెద్ద ఆయుధం కూడా లేదు, గాల్లో బొమ్మలు చూపించే హోలోగ్రామ్ యంత్రం ఉంటుంది. శత్రువుకి లేనిది ఉన్నట్టు చూపించి తప్పిస్తాడు. గుద్దలేనివాడు బుర్ర వాడతాడు.

ఆ స్కూటర్‌కి గొంతు ఇచ్చింది ఫ్రాంక్ వెల్కర్. అదే 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్‌లో విలన్ మెగాట్రాన్ గొంతూ ఆయనదే. పిల్లల్ని హడలెత్తించిన గొంతు, పక్క ఛానెల్లో "నాకు భయమేస్తోంది" అనే గొంతు ఒక్క మనిషివి. ఇది తెలిసిన రోజు మావాడు అరగంట సేపు రెండు గొంతులూ మార్చి మార్చి అనుకరిస్తూ ఇల్లంతా తిరిగాడు.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ గోబాట్స్ పూర్తిగా యంత్రాలు కావు. ఆ కథలో గోబాట్రాన్ గ్రహం వాళ్ళు ఒకప్పుడు మనలాంటి రక్తమాంసాలున్న జీవులే. గ్రహం సర్వనాశనమయ్యే పరిస్థితి వస్తే, లాస్ట్ ఇంజనీర్ అనే ఆయన వాళ్ళకి లోహపు ఒళ్ళు అమర్చి బతికించాడు. అంటే స్కూటర్ భయం యంత్రంలో వచ్చిన లోపం కాదు. పాత ఒంటి నుంచి వెంట తెచ్చుకున్నది. మిగతావాళ్ళు ఇనుము అయ్యాక గట్టిపడ్డారు, వాడు మాత్రం మెత్తగానే ఉండిపోయాడు. నాకు వాడు నచ్చింది ఇక్కడే.

ఇప్పుడు మావాడి సంగతి చెప్తాను, మీకు కావలసింది అదే. మిన్నెసోటాలో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి టోర్నడో సైరన్లు, అంటే పెద్ద సుడిగాలి వస్తోందని హెచ్చరించేవి, మోగించి చూస్తారు. ఊరంతా ఒకటే హోరు. మావాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చప్పుడంటే చచ్చేంత భయం. భోజనాల బల్ల కిందికి దూరి రెండు చెవులూ మూసుకుంటాడు. "ఉత్త పరీక్షేరా" అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. చుట్టాలు ఫోన్లో "మగపిల్లాడివి, ఏంట్రా ఆ భయం" అన్నప్పుడల్లా వాడి మొహం చిన్నబోయేది. ఈ మాట అనేవాళ్ళని నేను గట్టిగానే మందలిస్తాను, పెద్దవాళ్ళైనా సరే. భయపడుతున్న పిల్లాడి మీద సిగ్గు కూడా వేస్తే వాడు రెండు బరువులు మోయాలి.

పోయిన వేసవిలో ఒక రాత్రి నిజం సైరన్ మోగింది. ఆకాశం పచ్చగా తిరిగింది, కరెంటు పోయింది. ముగ్గురం బేస్‌మెంట్‌లోకి దిగాం. వాడు స్కూటర్‌ని గుప్పిట్లో పట్టుకునే దిగాడు. అలమరలో రెండు బ్యాటరీల టార్చిలైటు ఉంది. నొక్కితే వెలగలేదు. కొత్త బ్యాటరీలు వేశాను, అయినా వెలగలేదు. మా ఆవిడ ఫోన్లో పదిశాతం చార్జింగే మిగిలింది, వాతావరణ హెచ్చరికలు అందులోనే రావాలి. నేను టార్చిని అరచేతికేసి నాలుగుసార్లు కొట్టాను. మన ఇళ్ళల్లో అందరం చేసే వైద్యం అదే కదా.

"కొట్టకు నాన్నా, ఇలా ఇవ్వు" అన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. మా ఆవిడ ఒక్క నిమిషం ఫోన్ లైటు చూపించింది. వాడు కింద మూత తిప్పి తీసి లోపలికి చూశాడు. "స్ప్రింగ్ మీద తెల్లగా పట్టింది" అన్నాడు. పాత బ్యాటరీ కారి గడ్డకట్టిన పొడి. చేతికి అంటకుండా నేను టిష్యూ కాగితం చుట్టి ఇచ్చాను. స్క్రూడ్రైవర్ మొనతో ఆ పొడిని గీకాడు, తర్వాత పెన్సిల్ వెనకుండే రబ్బరుతో రాగి రంగు కనబడేదాకా రుద్దాడు. అణిగిపోయిన స్ప్రింగ్‌ని గోటితో పైకి లాగాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. మూత మరలో పెట్టబోతే రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది. నొక్కాడు, గోడ మీద గుండ్రంగా వెలుగు పడింది.

వాడు వెంటనే స్కూటర్‌ని ఆ వెలుగుకి అడ్డంగా పెట్టాడు. గోడ మీద నీడ మా కంటే పెద్దదైంది. బయట ఇంకా సైరన్ మోగుతూనే ఉంది, వాడు ఒక చెవి భుజానికి ఆనించి మూసుకునే ఉన్నాడు.

మా నాన్నగారు గుర్తొచ్చారు నాకు. ఒంగోలులో ఆయనకి ఒక పాత బజాజ్ చేతక్ ఉండేది. పొద్దున్నే పక్కకి వంచి, ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించి కిక్కు కొట్టేవారు. చాలా భయస్తుడు ఆయన. రాత్రిళ్ళు గ్యాస్ కట్టేశారో లేదో రెండుసార్లు లేచి చూసేవారు, వాన పడితే బండి తీసేవారు కాదు. బంధువులు నవ్వేవాళ్ళు. కానీ వీధిలో ఎవరి ఫ్యూజు పోయినా మా ఇంటి తలుపే తట్టేవాళ్ళు. భయపడేవాడు చెయ్యి పెట్టే ముందు మెయిన్ ఆపుతాడు. మరమ్మతు పని చేసేవాడికి కాస్త భయం ఉండాలి, లేనివాడి చేత నేను మా ఇంట్లో స్విచ్చు కూడా మార్పించను.

ఇప్పటి బొమ్మల మీద నా కోపం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏది కొన్నా జిగురుతో అతికించేసి ఉంటుంది. విప్పితే విరుగుతుంది, విరిగితే చెత్తబుట్టలోకే. ఈ స్కూటర్ చెయ్యి వదులైతే కీలు దగ్గర రంగులేని గోళ్ళ రంగు రెండు చుక్కలు వేసి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్ళీ తిప్పాం. బిగుసుకుంది. నలభై ఏళ్ళు దాటిన బొమ్మ ఇది. కొందరు పాత బొమ్మల్ని డబ్బా కూడా విప్పకుండా అద్దాల బీరువాలో దాస్తారు. ఆడుకోని బొమ్మ బొమ్మెలా అవుతుందో నాకు అర్థం కాదు.

మీరు పిరికితనం అన్నారు. మన భాషలోనే రెండు మాటలున్నాయి, రెంటినీ కలిపెయ్యకండి. పిరికివాడు వేరు, భయస్తుడు వేరు. పిరికివాడు స్నేహితుణ్ణి వదిలేసి పారిపోతాడు. స్కూటర్ వద్దు వద్దంటూనే అందరితో పాటు వెళ్తాడు. మీ బాబు ఇష్టపడుతున్న రోబో ఈ రెంటిలో ఏదో ఒకసారి కూర్చుని చూడండి. వాడికి ఒక చిన్న స్క్రూడ్రైవర్, పాడైపోయిన గడియారం ఏదైనా ఇచ్చి కూడా చూడండి. బ్యాటరీ మాత్రం ముందు మీరే తీసేసి ఇవ్వండి.

మావాడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. స్కూటర్ బేస్‌మెంట్ అలమరలో టార్చి పక్కనే ఉంటుంది, అక్కడ పెట్టింది వాడే. ఈ జూలై మొదటి బుధవారం ఒంటిగంట కావస్తుంటే కిందికెళ్ళి టార్చి ఒకసారి వెలిగించి చూసుకుని వచ్చాడు. తర్వాత బల్ల కింద కూర్చుని చెవులు మూసుకున్నాడు.