పెళ్లి డిపాజిట్ కదపకుండా ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ

ప్రశ్న: మాది గాజువాక. నా జీతం నెలకి రూ.52,000, రిటైర్మెంటుకి ఆరేళ్లుంది. మా అమ్మాయి మైక్రోబయాలజీ గ్రూపుతో బీఎస్సీ పూర్తిచేసి, ఎమ్మెస్సీ చేస్తానంటోంది. ఒక ప్రైవేటు కాలేజీలో ఫీజు, హాస్టల్ కలిపి రెండేళ్లకి 4 లక్షలవుతుందన్నారు. తన పెళ్లికని వేసిన 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తియ్యనా, బంగారం తాకట్టు పెట్టనా, ఎడ్యుకేషన్ లోన్ తీసుకోనా?

జవాబు: డబ్బు ఎక్కడ్నించి తేవాలని అడిగారు. నేనైతే ముందు ఆ 4 లక్షల దగ్గరే ఆగుతాను. అమ్మాయి పీజీ సీట్ల ప్రవేశపరీక్ష ఏపీ పీజీసెట్ రాసిందా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో సీటొస్తే గాజువాక నుంచి సిటీ బస్సులో వెళ్లి రావచ్చు, హాస్టల్ ఖర్చు మొత్తం పోతుంది. అక్కడ కూడా సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకి ఫీజు ఎక్కువే, కాబట్టి కౌన్సెలింగ్‌లో ఏ సీటో చూసుకుని ఆప్షన్ పెట్టండి.

ఇప్పుడు ప్రైవేటు సీటే అనుకుని లెక్క వేద్దాం. 10 శాతం వడ్డీకి ఏటా 2 లక్షల చొప్పున లోన్ తీసుకున్నారు. చదివే రెండేళ్లూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ కిస్తీ ఉండదు. వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది, సాధారణ వడ్డీ లెక్కనే ఆ మూడేళ్లలో లక్ష. అంటే 5 లక్షల బాకీ. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు రూ.8,300. అమ్మాయి మొదటి జీతం రూ.18,000 అనుకుంటే సగానికి దగ్గర దగ్గర కిస్తీకే. ఈ 18,000 నేను అనుకున్న అంకె. పరవాడ ఫార్మా సిటీలో చేస్తున్న ఆ కాలేజీ సీనియర్లు ఇద్దరు ముగ్గుర్ని అడిగి, వాళ్లు చెప్పింది వేసి మళ్లీ లెక్క కట్టండి. కాలేజీ వాళ్లు చూపించే ప్యాకేజీ వెయ్యకండి.

ఆ సీనియర్లనే పనెలా ఉంటుందో కూడా అడగమనండి. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ మైక్రో ల్యాబ్ అంటే గదుల్లో గాలి శాంపిళ్లు, నీటి పరీక్షలు, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థం) టెస్టులు. ఇంజెక్షన్ మందుల్లో సూక్ష్మజీవులు లేవని తేల్చే స్టెరిలిటీ టెస్టొక్కటే 14 రోజులు పడుతుంది. ఇంక్యుబేటర్‌లో పెట్టిన ప్లేటుకి ఆదివారం, పండగ తెలీవు. అది ఇష్టమైతే మీ ఇల్లు గాజువాకలో ఉండటమే పెద్ద ఆస్తి, అద్దె కట్టక్కర్లేదు. మన దగ్గర రొయ్యల ఎగుమతి యూనిట్లలోనూ ఇదే చదువుకి పనుంది, సాల్మొనెల్లా బ్యాక్టీరియా పరీక్ష లేకుండా సరుకు ఓడెక్కదు.

మీ బంధువులెవరైనా ‘మైక్రోబయాలజీ చేస్తే డాక్టరే కదా’ అంటుంటే మాత్రం అది వేరు. ఎండీ మైక్రోబయాలజీకి ముందు ఎంబీబీఎస్ ఉండాలి.

అమ్మాయికి రీసెర్చ్ మీద మనసుంటే అప్పు బరువు ఇంకా తగ్గాలి. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి రూ.37,000, తర్వాత రూ.42,000 ఫెలోషిప్, అర్హతుంటే ఇంటద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. కానీ దానికి ఒకటి రెండుసార్లు పరీక్ష రాయాల్సి రావచ్చు. నెత్తిన రూ.8,300 కిస్తీ ఉన్న పిల్ల ఇంకో ఏడాది కూర్చుని చదువుతానని మీతో ఎలా అనగలదు?

మీరడిగిన మూడింటిలో బంగారం వద్దు. అసలూ వడ్డీ కలిపి చివర్లో ఒకేసారి కట్టే గోల్డ్ లోన్ సాధారణంగా ఏడాదిలో తీర్చాలి, అప్పటికి అమ్మాయి ఇంకా మొదటి సంవత్సరం పరీక్షల దగ్గరే ఉంటుంది. ఎఫ్‌డీ కూడా కదపకండి. మీ పీఎఫ్ సంగతి రాయలేదు కాబట్టి ఆ ఎఫ్‌డీని పెళ్లి డబ్బని కాక మీ ఇద్దరి వృద్ధాప్యపు డబ్బనే నేను చూస్తున్నాను. మిగిలింది ఎడ్యుకేషన్ లోన్. అయితే లోన్ వడ్డీపై పన్ను మినహాయింపు కోసమని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. అది పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో మీ జీతానికి అసలు పన్నే పడదు.

మీకు పనికొచ్చేది పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకం. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు లోన్‌పై కిస్తీ లేని కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. తాకట్టూ, హామీదారూ అక్కర్లేదు. ఎంపిక చేసిన విద్యాసంస్థలకే ఇది వర్తిస్తుంది, అర్హులందరికీ రాయితీ దక్కదు కూడా. ఆ ప్రైవేటు కాలేజీకి అడ్వాన్సు కట్టేముందు దాని పేరు పోర్టల్‌లో ఉందో లేదో అమ్మాయినే చూడమనండి.