కొత్త కంప్యూటర్‌కి కేబుల్ నెట్ ఎక్కడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మా వీధిలో కేబుల్ టీవీ ఇచ్చే ఆపరేటరే నెట్ కూడా ఇస్తున్నాడు. ఆ వైరు నేరుగా కంప్యూటర్‌కే పెట్టుకుని నాలుగేళ్లు వాడాం. పాతది పాడై మొన్న కొత్తది కొన్నాం. అదే వైరు పెడితే 'నో ఇంటర్నెట్' అంటోంది. కేబుల్ అబ్బాయి వచ్చి చూసి "తేడా మీ కంప్యూటర్‌లోనే" అని వెళ్లిపోయాడు, షాపువాళ్లేమో కంప్యూటర్ బాగానే ఉందంటున్నారు. మా బాబుకి వారంలో ఆన్‌లైన్ పరీక్ష, ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, మా ప్యాకేజీ 200 ఎంబీపీఎస్, ఎప్పుడు చూసినా 95 దాటలేదు. ఎందుకు?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కంగారు పడకండి, మీరు రాసినదాన్ని బట్టి కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. ముందు వైరు 'టక్' మనేదాకా లోపలికి నొక్కి, ఆ సాకెట్ దగ్గర చిన్న లైటు వెలుగుతోందో లేదో చూడండి. వెలగకపోతే ముందు వైరుని, దాని అవతలి చివరని అనుమానించాలి. వెలుగుతుంటే స్టార్ట్‌లో 'సీఎండీ' అని కొట్టి, వచ్చే నల్ల విండోలో 'ఐపీకాన్ఫిగ్' అని, ఒక స్పేస్ ఇచ్చి 'స్లాష్ ఆల్' అని (ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే) టైప్ చేసి ఎంటర్ నొక్కండి. అందులో 'ఈథర్‌నెట్' (అంటే వైరు కనెక్షన్) అన్న చోట ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే నంబరు, 169.254తో మొదలైందంటే అవతలి నుంచి ఏ నంబరూ రాక కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం.

ఇప్పుడు ఒకటి గుర్తు తెచ్చుకోండి. పాత కంప్యూటర్‌లో నెట్ రావాలంటే ముందు 'కనెక్ట్' నొక్కాల్సి వచ్చేదా? అలాగైతే మీది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచే పీపీపీఓఈ లైను. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో డయల్-అప్‌కి వెళ్లి, కొత్త కనెక్షన్‌గా బ్రాడ్‌బ్యాండ్ ఎంచుకుని ఆ రెండూ ఇస్తే చాలు. ఆ వివరాలు ఆపరేటర్ దగ్గర అడిగి తీసుకోండి, మొహమాటపడొద్దు, డబ్బు కడుతున్నది మీరు.

ఏమీ నొక్కకుండానే వచ్చేదంటే మాత్రం వాళ్ల సర్వర్ మీ పాత కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డునే గుర్తు పెట్టుకుని ఉంటుంది. ప్రతి కార్డుకీ ఆరు జంటల్లో 12 అక్షరాల మ్యాక్ అడ్రస్ ఉంటుంది, ఇందాకటి నల్ల విండోలోనే 'ఫిజికల్ అడ్రస్' అని కనిపిస్తుంది. వైఫైకి వేరే ఉంటుంది కాబట్టి ఈథర్‌నెట్ కింద ఉన్నదే ఫొటో తీసి ఆపరేటర్‌కి వాట్సాప్ చేసి, "పాత మ్యాక్ తీసేసి ఇది ఎక్కించండి" అనండి. చాలామంది ఇది తెలియక ఊరికే ఫార్మాట్ కొట్టించి ఫొటోలన్నీ పోగొట్టుకుంటున్నారు, మీరు ఆ పని అస్సలు చేయొద్దు.

ఇక 95 సంగతి. నెట్‌వర్క్ వైరులో ఎనిమిది తీగలుంటాయి. 100 దాకా నాలుగు చాలు, అంతకు మించి రావాలంటే ఎనిమిదీ కలవాలి. సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ దగ్గర లింక్ స్పీడ్ 1000 అని కాకుండా 100 అని ఉంటే, ఆ పారదర్శకమైన జాక్‌ని వెలుతురులో పెట్టి రంగు తీగలు లెక్కపెట్టండి. నాలుగే ఉంటే ఎనిమిదితో మళ్లీ క్రింప్ చేయమనండి, అంటే కొత్త జాక్ బిగించమనండి. ఎనిమిదీ ఉంటే అవతలి చివర, వాళ్ల స్విచ్ (ఇళ్ల వైర్లన్నీ కలిసే పెట్టె) పోర్టు చూడాలి.

ఈలోపు పరీక్ష రోజు వచ్చేస్తే, డేటా ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌ని ఛార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కి కలిపి ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్‌ని ఫోన్ సెట్టింగ్స్‌లో ఆన్ చేయండి. ముందు రోజే ఒకసారి పెట్టి చూసుకోండి.