ఏరిన చెత్త మళ్ళీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మేము కొందరం సెలవు రోజుల్లో నది ఒడ్డున చెత్త ఏరుతున్నాం. ఒక్క వాన పడితే మళ్ళీ మామూలే అవుతోంది. మా శ్రమ వృథాయేనా?

జవాబు: వృథా కాదు గానీ, ఏరడంతోనే ఆగిపోతే ఫలితం నిలవదు. వానకు వచ్చే చెత్తలో చాలా భాగం కాలువలు, మురుగు తూముల గుండా నదిలో చేరుతుంది కనుక, ముందుగా ఒడ్డు వెంబడి నడిచి ఏ తూము ఎక్కడ కలుస్తోందో పటం గీసుకుని, అక్కడే వల కట్టేందుకు స్థానిక సంస్థ అనుమతి కోరండి.

కంటికి కనిపించని కాలుష్యం సంగతి నీటిలో కరిగిన ఆక్సిజన్ చెబుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద శుభ్రమైన నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండగలదు. అది 5 కంటే తగ్గితే చాలా రకాల చేపలు ఇబ్బంది పడతాయి. రాత్రివేళ మొక్కలు, నాచు ఆక్సిజన్‌ను వాడుకోవడమే తప్ప తయారు చేయవు కాబట్టి, తెల్లవారుజామున కొలిస్తేనే అసలు పరిస్థితి తెలుస్తుంది. మధ్యాహ్నపు అంకె చూడముచ్చటగానే ఉంటుంది, నమ్మదగినది మాత్రం కాదు.

గుర్రపుడెక్క ఉంటే పూత రాకముందే తీసి, ఒడ్డుకు దూరంగా కుళ్ళబెట్టండి. దాని విత్తనాలు బురదలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. శుభ్రత పేరిట ఒడ్డునున్న గడ్డిని, పొదలను నరకకండి. మట్టిని పట్టి ఉంచేవి అవే. వరద ఉన్నప్పుడు ఎవరూ నీళ్ళలోకి దిగవద్దు.